‘తాళవాద్యాలకు మూడు ఉద్యమాలు’: యోహానా బయర్ వ్యాసం తిరగరాస్తూ

జూన్ 8, ఆదివారం

"1939లో ఆమె తాళవాద్యాల కోసం మూడు ఉద్యమాలను రాసింది."

ఈ వాక్యం తెలుగు వికీపీడియాలో నాలుగేళ్లుగా ఉంది. ఉద్యమాలు రాయడమేంటి, ఎవరీ మహానుభావుడు అనుకుంటూ పేజీ చరిత్ర తెరిచాను. మహానుభావుణ్ని నేనే.

ఆ ఏడాది మహిళల జీవితచరిత్రల పోటీ ఒకటి జరిగింది. రోజుకు రెండు చొప్పున వ్యాసాలు కొట్టేశాను. అనువాద పరికరంలో ఇంగ్లీషు వ్యాసం పడేయడం, కంటికి గుచ్చుకున్న తప్పులు సరిచేయడం, ప్రచురించడం, లెక్కలో ఒకటి పెంచుకోవడం. ఇప్పుడు చదువుతుంటే చెవులు వేడెక్కుతున్నాయి. పాశ్చాత్య సంగీతంలో ఒక పెద్ద రచనలోని భాగాన్ని మూవ్‌మెంట్ అంటారు. యంత్రం దాన్ని ఉద్యమం చేసింది, నేను సరేనన్నాను. ముప్ఫై వాద్యాలకు రాసిన కవాతు సంగీతం "30 వాద్యాల మార్చి" అయింది, ఏప్రిల్ కానందుకు సంతోషించాలి. అన్నిటికంటే ఘోరం ఇది: "ఈ రచన విద్యుత్ పరికరాలు, సింహ గర్జన మరియు త్రిభుజం కోసం." ఎవరైనా చదివితే మిక్సీ, జూపార్కు, లెక్కల పుస్తకం కలిపి కచేరీ చేశారనుకుంటారు.

ఈమె ఎవరో నా కోసమైనా ఒకసారి రాసుకోవాలి. యోహానా మాగ్దలేనా బయర్. 1888 జూలై 11న జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టింది. 1923లో న్యూయార్క్‌లో స్థిరపడింది. పియానో పాఠాలు చెప్పుకుంటూ బతికింది. 1930లలో, అప్పటికి ఎవరూ పెద్దగా తొక్కని దారిలో తాళవాద్య బృందాలకు, క్లారినెట్‌కు, గొంతుకు, తీగవాద్యాలకు యాభైకి పైగా రచనలు చేసింది. 1944 జనవరి 9న నరాల జబ్బు ఏఎల్ఎస్‌తో చనిపోయింది. బతికుండగా అచ్చయిన రచన ఒక్కటి.

నా వ్యాసంలో ఇందులో సగం లేదు. ఉన్నదల్లా "హెన్రీ కోవెల్ యొక్క కార్యదర్శి" అన్న ముక్క, అదీ రెండో వాక్యంలోనే. కోవెల్ అప్పటి పేరున్న అమెరికన్ స్వరకర్త. మళ్లీ మొదటి నుంచి రాస్తాను. పోటీ లేదు, గడువు లేదు. ప్రయోగశాలలో, అంటే వికీలో చిత్తుప్రతి రాసుకునే పేజీలో, పెట్టుకుని వారాంతాల్లో చేసుకుంటాను.

జూన్ 10, మంగళవారం

ముందు పేరు. పాత వ్యాసం పేరు "జోహన్నా బేయర్". ఇంగ్లీషు అక్షరాలు చూసి రాసింది. జర్మన్‌లో ఆ ‘ఈ-వై’ జంట ‘ఐ’ లాగా పలుకుతుంది, కాబట్టి బయర్. మందుల కంపెనీ పేరు వేరే అక్షరాలతో రాస్తారు గానీ జర్మన్‌లో పలకడం ఒకటే. తెలుగులో కంపెనీని అందరూ బేయర్ అంటారు కాబట్టి ఆ పేరుతో వెతికినవాడికి పురుగుమందులే తగులుతాయి. అదీ ఒక కారణమే.

ఇరవయ్యేళ్లు అమెరికాలో ఉంది కదా, అక్కడివాళ్లు జొహానా అనే పిలిచి ఉంటారు కదా అన్న ప్రశ్న మిగులుతుంది. పుట్టిన భాష ఉచ్చారణ తీసుకుని, మిగతా రెండు రూపాలకూ దారిమార్పులు (వాటితో వెతికినా ఇదే పేజీకి వచ్చేలా) పెట్టాను. ఇక దీని మీద వాదించదలచుకోలేదు. పేర్ల ఉచ్చారణ మీద వికీ చర్చావేదిక రచ్చబండలో జరిగిన వాదనలు పుస్తకంగా వేస్తే మూడు సంపుటాలు అవుతాయి.

ఇంకో లెక్క. పాత వ్యాసం పరిమాణం దాదాపు 4,000 బైట్లు చూపిస్తోంది, మొలక (మరీ చిన్న వ్యాసం) కాదని సంతోషించడానికి సరిపడా. కానీ తెలుగు అక్షరానికి మూడు బైట్లు. గుణింతం గుర్తుకు ఇంకో మూడు. పేజీకి తగిలించే మూసలూ వర్గాలూ తీసేస్తే నికరంగా మిగిలింది ఒక పోస్టుకార్డు.

జూన్ 14, శనివారం

మూలాల రోజు. ఐదు వందల దిద్దుబాట్లు, ఆరు నెలల పాత ఖాతా ఉన్న వాడుకరులకు వికీపీడియా లైబ్రరీ తలుపు తెరుచుకుంటుంది, అందులోంచి పరిశోధన పత్రికల భండారం జేస్టోర్‌లోకి వెళ్లొచ్చు. ఇన్నేళ్లుగా ఆ సౌకర్యం ఉందని తెలిసీ ఒక్కసారీ వాడలేదు.

బయర్ మీద పని ఎక్కడ మొదలైందో ఇప్పుడు తెలిసింది. జాన్ కెనెడీ, లారీ పోలాన్‌స్కీ కలిసి 1996లో మ్యూజికల్ క్వార్టర్లీ పత్రికలో రాసిన పెద్ద వ్యాసం. ఆమె పాటల్లో ఒకదాని పేరే దానికి పెట్టారు, తెలుగులో చెప్పాలంటే సంపూర్ణ గ్రహణం. ఇద్దరూ సంగీతకారులే. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్న ఆమె చేతిరాత ప్రతులు చూసి, రచనల జాబితా కట్టి, దొరికినంత జీవితం పోగేశారు. ఆ తర్వాత ఏమీ బీల్ రాసిన పుస్తకం, 2015లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ప్రెస్ వేసింది. నా పాత వ్యాసంలో ఈ రెండింటి ప్రస్తావనా లేదు. ఉన్న రెండు మూలాల్లో ఒకటి చచ్చిన లింకు.

మధ్యాహ్నమంతా చదివాను. ఒకచోట ఆగిపోయాను. 1936లోనూ, 1937లోనూ న్యూయార్క్‌లో కంపోజర్స్ ఫోరం అనే కార్యక్రమంలో ఆమె రచనలు వినిపించారు. ఆర్థికమాంద్యం రోజుల్లో ప్రభుత్వం నిరుద్యోగ సంగీతకారుల కోసం నడిపిన పథకంలో భాగం అది. పద్ధతి ఏమిటంటే కచేరీ అయ్యాక శ్రోతలు చీటీల మీద ప్రశ్నలు రాసిస్తారు, స్వరకర్త వేదిక మీదే జవాబు చెప్పాలి. నలభై ఎనిమిదేళ్ల పియానో టీచరు, జర్మన్ యాసతో, కొత్త దేశంలో, ఇది సంగీతమేనా అని అడిగే జనం ముందు నిలబడి ఉంటుందని ఊహించుకున్నాను.

ఊహించుకున్నది డైరీలోనే ఉంచుతున్నాను. వ్యాసంలోకి పోయేది రెండు తేదీలు, ఫోరం పేరు.

జూన్ 15, ఆదివారం

ప్రవేశిక, అంటే వ్యాసం మొదటి పేరా, తిరగరాశాను. ఈ ఒక్క పనికి పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర పట్టింది.

పాతది: "జోహన్నా మాగ్డలీనా బేయర్ ఒక జర్మన్-అమెరికన్ స్వరకర్త మరియు పియానిస్ట్. ఆమె ప్రఖ్యాత స్వరకర్త హెన్రీ కోవెల్ యొక్క కార్యదర్శిగా పనిచేసింది మరియు రూత్ క్రాఫర్డ్ యొక్క శిష్యురాలు."

రెండు ‘మరియు’లు, రెండు ‘యొక్క’లు. అవి తీసేయడం తేలిక. అసలు జబ్బు అది కాదు. ఈ రెండు వాక్యాల్లో ఆమె చేసిన సంగీతం ఒక్కటీ లేదు. ఎవరి దగ్గర పనిచేసిందో, ఎవరి దగ్గర నేర్చుకుందో ఉంది. తాలూకా ఆఫీసులో ఫలానావారి భార్య, ఫలానావారి కోడలు అని రాసుకున్నట్టుంది.

కొత్తది: "యోహానా మాగ్దలేనా బయర్ (1888 జూలై 11 – 1944 జనవరి 9) జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన స్వరకర్త. తాళవాద్య బృందానికి, విద్యుత్ వాద్యాలకు రాసిన తొలితరం స్వరకర్తల్లో ఒకరు. 1938లో రాసిన గోళాల సంగీతం, 1933 నాటి తాళవాద్య సూట్, రెండు క్లారినెట్ సూట్‌లు, స్ట్రింగ్ క్వార్టెట్‌లు ఆమె ముఖ్య రచనలు." సూట్ అంటే చిన్న ముక్కల వరస, స్ట్రింగ్ క్వార్టెట్ అంటే నాలుగు తీగవాద్యాల రచన.

కోవెల్ ఎక్కడికి పోయాడు? జీవితం విభాగంలోకి. అలాగని చిన్నవాణ్ని చేయలేం. అమెరికాలో కొత్త సంగీతానికి ఆయన ఒక కూడలి లాంటివాడు. న్యూ మ్యూజిక్ అనే స్వరపత్రిక నడిపాడు, న్యూయార్క్‌లోని న్యూ స్కూల్ అనే విద్యాసంస్థలో పాఠాలు చెప్పాడు. 1934లో అక్కడ ఆయన చెప్పిన తాళవాద్యాల తరగతిలో బయర్ కూర్చుంది. ఆమె రచనల్లో బతికుండగా అచ్చయిన ఒక్కటీ, నాలుగు అని రోమన్ అంకె మాత్రమే పేరుగా ఉన్నది, 1936లో ఆయన పత్రిక ద్వారానే వచ్చింది. ఆ రచనలో ఏ వాద్యాలు వాయించాలో చెప్పనే లేదు, వాయించేవాళ్లే ఎంచుకోవాలి.

అదే 1936లో కోవెల్ కాలిఫోర్నియాలో ఒక నైతిక నేరాభియోగంపై అరెస్టయి సాన్ క్వెంటిన్ జైలుకు వెళ్లాడు. 1940లో పెరోల్ మీద బయటికొచ్చాడు, 1942లో క్షమాభిక్ష దొరికింది. ఆ నాలుగేళ్లు ఆయన ఉత్తరాలు చూడటం, ఆయన రచనలు కచేరీల్లోకి వెళ్లేలా వాద్యబృందాల చుట్టూ తిరగడం, విడుదల కోసం పెద్దమనుషులకు రాయడం బయర్ చేసింది. కార్యదర్శి అన్నమాట తప్పు కాదు. కానీ ఆ మాటకు ఒక జీతం, ఒక కుర్చీ, ఒక పనివేళ ఉన్నట్టు ధ్వనిస్తుంది. ఆమె దాన్ని చాలా వరకు ఊరికే చేసింది, తన సంగీతం రాసుకుంటూనే. గోళాల సంగీతమూ, తాళవాద్యాలకు రాసిన మూడు భాగాలూ ఆ జైలు ఏళ్లలోవే. కాబట్టి ఇలా రాశాను: "1936–40 మధ్య కోవెల్ జైల్లో ఉండగా ఆయన ఉత్తరప్రత్యుత్తరాలు, రచనల ప్రచార బాధ్యత బయర్ చూసుకుంది. ఈ కాలంలోనే…" అని వెంటనే ఆమె రచనల్లోకి వెళ్లిపోయాను. కేసు వివరాలు కోవెల్ వ్యాసంలో ఉండాల్సినవి, ఇక్కడ కాదు.

1941 తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. అది ఒక్క వాక్యం. ఎందుకన్నది పుస్తకంలో ఉంది, వికీలో నాకు అంతకంటే అక్కర్లేదనిపించింది.

జూన్ 17, మంగళవారం

మూసలు. సమాచారపెట్టెలో "వృత్తి: గాయని" అని ఉంది. పియానో అనబోయి ఎలా గాయని అయిందో ఆ దేవుడికే తెలియాలి. సరిచేశాను. ఈ రోజుకింతే.

జూన్ 21, శనివారం

సంగీతం విభాగం దగ్గర బండి ఆగింది. బయర్ పద్ధతికి ఇంగ్లీషులో ఉన్న పేరు డిసొనెంట్ కౌంటర్‌పాయింట్. సంగీత శాస్త్రజ్ఞుడు చార్లెస్ సీగర్ సిద్ధాంతం చేసి, స్వరకర్త రూత్ క్రాఫర్డ్ చేతుల్లో రూపం కట్టిన పద్ధతి. బయర్ ఆ బళ్లోనే చదువుకుంది. దీన్ని తెలుగులో ఏమనాలి? నా పాత వ్యాసంలో "అసమ్మతి వ్యతిరేక బిందువు" అని ఉంది. అసెంబ్లీ వార్తలా ఉంది.

వివాది అనే మాట తట్టింది. మన శాస్త్రంలో వాది, సంవాది, అనువాది, వివాది అని నాలుగు రకాల స్వరాలు. వివాది అంటే కలహించేది. మాట ఉండగా అరువెందుకు అనుకుని హనుమకొండలోనే రెండు వీధుల అవతల ఉండే చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. ముప్ఫై ఏళ్లు వీణ చెప్పింది.

"వివాది ప్రతిస్వరం అంటే ఎట్లుంటది చిన్నమ్మా?"

"నీ సొంతంగ చేసినవా మాట?"

"అవును."

"కనవడుతనే ఉంది." కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "వివాది అంటే పక్కపక్క స్వరాల పంచాయితీ రా. ఒకదాని వెనుక ఒకటి వచ్చేటప్పుడు. డెబ్బై రెండు మేళకర్తల నలభైల ఆ దోషం ఉందంటరు, అయినా వాటిల్ల కృతులు లేవా? మనకు ఒకేసారి రెండు స్వరాలు పలికే ముచ్చటే లేదు గద. మీవాళ్లది రెండు గొంతులు ఒకేసారి నడిచే సంగీతం. రెంటినీ ఒక గాట కట్టకు."

మనవడి కీబోర్డు తెప్పించింది. సీగర్ సూత్రం నాకు అర్థమైనంత చెప్పాను. మామూలు పాశ్చాత్య సంగీతంలో కరుకు జంట వస్తే అది తీయని జంటలోకి జారి స్థిమితపడాలి. ఇక్కడ తలకిందులు: తీయని జంట అనుకోకుండా తగిలితే దాన్ని వెంటనే కరుకు జంటలోకి తోయాలి. ఒక వరసలో ఒకసారి పలికిన స్వరం, మధ్యలో వేరే స్వరాలు కొన్ని వచ్చిపోయాక గానీ మళ్లీ రాకూడదు. ఎక్కడా కాలు నిలవకూడదు, ఏ స్వరమూ ఇంటి పెద్ద కాకూడదు.

చిన్నమ్మ ఎడమచేత్తో షడ్జం, కుడిచేత్తో పంచమం నొక్కింది. "ఇది తీపి. దీన్ని చెడగొట్టాలె, అంతేనా?" కుడిచెయ్యి శుద్ధ రిషభానికి జరిపింది. స, దాని పక్కనే రి, రెండూ కలిసి రొద పెట్టాయి. లోపల గదిలోంచి మనవడు "నానమ్మా, పాడైందా?" అని అరిచాడు. ఆవిడ నవ్వి ఇంకో రెండు అడుగులు నడిపింది, వచ్చిన స్వరం రాకుండా చూసుకుంటూ. నాలుగో అడుగులో చెయ్యి తనంతట తానే మళ్లీ పంచమం మీదికి పోయింది. "చూసినవా, చెయ్యి ఇంటికి పోతనే ఉంటది. పోకుంట ఆపుడు ఎంత కష్టమో ఆమెకే ఎరుక."

ఈ వాక్యానికి మూలం ఇవ్వలేను గానీ, ఈ ప్రాజెక్టులో నేను విన్న అతి మంచి విమర్శ ఇదే. చేతికి వచ్చినట్టు రాస్తే రాని సంగీతం అది.

చివరికి మాట పుట్టించలేదు. డిసొనెంట్ కౌంటర్‌పాయింట్ అని అలాగే తెలుగులో రాసి, పైన నేను చిన్నమ్మకు చెప్పినట్టే నాలుగు వాక్యాల్లో వివరించాను. కౌంటర్‌పాయింట్‌కు తెలుగు మాట లేనప్పుడు దాని తలమీద వివాది టోపీ పెడితే, కర్ణాటక సంగీతం తెలిసిన పాఠకుడే ముందు తప్పుదారి పడతాడు.

ఒక్క మాట మాత్రం గెలిచాను. బయర్ 1936లో పియానోకు రాసిన సూట్‌లో పక్కపక్క మెట్లన్నీ ముంజేత్తో ఒకేసారి నొక్కే పద్ధతి ఉంది, దానికి పాత వ్యాసంలో "సమూహాలు" అని ఉంది. స్వరగుత్తులు అని మార్చాను. ద్రాక్షగుత్తి, తాళంచెవుల గుత్తి ఉన్నాయి కదా. చిన్నమ్మ దీనికి ఏమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్టే.

వచ్చేటప్పుడు ఒక ఫిర్యాదు చేసింది. "పెద్దామెను పట్టుకుని రాసింది, చేసింది అంటవేందిరా?" వికీలో అందరికీ ఏకవచనమే చిన్నమ్మా, గాంధీకైనా అంతే అన్నాను. నమ్మినట్టు లేదు.

జూన్ 22, ఆదివారం

గోళాల సంగీతం ఈ రోజు ఆరుసార్లు విన్నాను, హెడ్‌ఫోన్లతో, ఫ్యాన్ ఆపి.

స్టేటస్ క్వో అని ఆమె తలపెట్టిన ఒక పెద్ద సంగీత నాటకంలో భాగం ఇది. దానికి కళాకారులకిచ్చే గుగన్‌హైమ్ ఫెలోషిప్ కోసం దరఖాస్తు పెట్టింది, రాలేదు, నాటకం పూర్తి కాలేదు. ఈ ముక్క మిగిలింది. మూడు విద్యుత్ వాద్యాలకు, లేదా తీగవాద్యాలకు అని రాసింది. ఏ విద్యుత్ వాద్యమో పేరు లేదు. 1938 నాటికి చేత్తో తాకకుండా వాయించే థెరెమిన్ ఉంది, ఫ్రాన్స్‌లో మెట్లున్న ఓండ్ మార్టెనో ఉంది. కోవెల్ అడిగితే, థెరెమిన్ వాద్యానికి పేరిచ్చిన దాని సృష్టికర్త థెరెమినే తయారు చేసిచ్చిన రిథ్మికాన్ అనే తాళయంత్రం 1932లోనే న్యూ స్కూల్ వేదిక ఎక్కింది. అంటే ఆమె గాల్లో మేడ కట్టలేదు. ఊళ్లో ఉన్నవాటి కోసమే రాసింది, అవి ఆమె చేతికి అందలేదు.

కింద ఒక చిన్న మాట తిరిగి తిరిగి వస్తుంటుంది, పైన స్వరం చాలా నెమ్మదిగా జారుతుంది. మన జారు గమకం లాంటిది గానీ, అడుగు ఎక్కడ పడుతుందో కనబడనంత పొడవు. గమకం అని వ్యాసంలో రాయలేదు, నిన్నటి పాఠం గుర్తుంది.

ఇప్పుడు "సింహ గర్జన". అది వాద్యం పేరు. డోలు లాంటి పీపాకు ఒక పక్క చర్మం, చర్మం మధ్యలోంచి తీగో నారో కట్టి ఉంటుంది. జారకుండా పొడి రాసిన గుడ్డతో ఆ తీగను పట్టి లాగితే చర్మం గుర్రుమంటుంది. బొమ్మ చూడగానే ఎక్కడో చూశాననిపించి, ఎక్కడో కాసేపటికి తట్టింది. మా అమ్మమ్మ ఊళ్లో ఎల్లమ్మ పండుగకు బైండ్లవాళ్లు కథ చెబుతూ వాయించే జమిడిక. దానికీ చర్మం మధ్యలోంచి తీగ ఉంటుంది, పీపాను చంకలో పెట్టుకుని ఒక చేత్తో తీగ బిగించి రెండో చేత్తో మీటుతారు. తీగ బిగువు మారుతుంటే జివ్వుమని స్వరం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అక్కడ మీటడం, ఇక్కడ లాగడం. అంతే తేడా.

ఇది వ్యాసంలో పెట్టొచ్చా? బయర్‌కు జమిడికతో సంబంధం లేదు. కానీ వాద్యం ఎలా ఉంటుందో తెలుగు పాఠకుడికి చెప్పడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. "జమిడికలో లాగే చర్మం మధ్య నుంచి తీగ ఉండే వాద్యం, మీటరు, రుద్ది లాగుతారు" అని ఒక్క ముక్క పెట్టి జమిడికకు లింకు ఇచ్చాను. త్రిభుజం, మూడు మూలలు వంచిన లోహపు కడ్డీ వాద్యం, ట్రయాంగిల్ అయింది. విద్యుత్ పరికరాలు వాద్యాలయ్యాయి.

తాళవాద్య సూట్ గురించి కూడా ఈ రోజే రాశాను. 1933. స్వరకర్త వరేజ్ తాళవాద్యాలకు రాసిన అయనిజేషన్ న్యూయార్క్‌లో మొదటిసారి వినిపించింది ఆ ఏడు మార్చిలోనే, సైరన్లతో సహా. అదే ఏడు బయర్ రాసింది దాదాపు మొత్తం మెత్తగా వాయించాల్సింది. తాళవాద్యమంటే మనకు వెంటనే డప్పు దరువు గుర్తొస్తుంది. ఇది పక్కగదిలో ఎవరో గిన్నెలు సర్దుతున్నట్టు ఉంటుంది, వినాలంటే మనమే ఆగాలి. రెండో పోలిక వ్యాసంలో లేదు, కంగారుపడకండి.

జూన్ 28, శనివారం

ఈ వారమంతా ఒక తప్పు చేసి ఈ రోజు దిద్దుకున్నాను.

పోయిన శనివారం చిన్నమ్మ ఇంట్లో అల్మారా నిండా సాంబమూర్తి గారి పుస్తకాలు చూశాను. కర్ణాటక సంగీత శాస్త్రం ఆవిడ నేర్చుకుంది వాటిలోంచే. ఇంటికొచ్చి కోవెల్ గురించి చదువుతుంటే ఆ పేరే తగిలింది. 1931లో కోవెల్ గుగన్‌హైమ్ డబ్బుతో బెర్లిన్ వెళ్లి ప్రపంచ సంగీతాలు చదువుకున్నాడు. అక్కడ దక్షిణాది సంగీతం చెప్పింది మద్రాసు నుంచి వెళ్లిన పి. సాంబమూర్తి. తర్వాత 1950లలో కోవెల్ మద్రాసు వచ్చాడు, తన పదమూడో సింఫనీకి మద్రాసు అనే పేరు పెట్టాడు, అందులో తబలా, జలతరంగం వాడాడు.

చేతులు ఊరుకుంటాయా? సాంబమూర్తి నుంచి కోవెల్, కోవెల్ నుంచి 1934 తరగతిలో బయర్. అంటే బయర్ తాళవాద్య రచనల్లో మన తాళాల ఛాయ! "భారతీయ సంబంధం" అని ఒక విభాగం పెట్టి ఐదు వాక్యాలు రాశాను. ఎంత బాగున్నాయో.

ప్రయోగశాల పేజీ చూసిపెట్టమని అడిగిన సీనియర్ వాడుకరి ఒకాయన చర్చా పేజీలో రెండే ముక్కలు రాశారు: "ఆధారం చూపాలి. ఆ తరగతిలో కోవెల్ ఏం చెప్పారో మీకు తెలుసా?"

తెలియదు. నా దగ్గరున్న మూలాల్లో ఒక్కటీ బయర్‌ను కర్ణాటక సంగీతంతో కలపలేదు. ఒక్కో మెట్టు నిజమే, మెట్ల మధ్య నేను వేసిన పలక మాత్రం ఊహ. మద్రాసు సింఫనీ నాటికి ఆమె చనిపోయి పన్నెండేళ్లు దాటింది. ఏ కోవెల్ నీడలోంచి ఆమెను తప్పిద్దామని కూర్చున్నానో, తిప్పి తిప్పి మళ్లీ ఆయన ద్వారానే ఆమెకు విలువ కట్టబోయాను, ఈసారి తెలుగువాళ్లకు నచ్చే తిలకం దిద్ది.

విభాగం మొత్తం తీసేశాను. సాంబమూర్తి, మద్రాసు సింఫనీ కోవెల్ వ్యాసంలో పెట్టాల్సిన సంగతులు, అక్కడి చర్చా పేజీలో ఒక గమనిక వదిలాను. కొంచెం బాధగానే ఉంది, దాచుకోను.

జూలై 2, బుధవారం

రాత్రి పదకొండుకు రెండు మాటల మీద కత్తెర పడింది.

"మొట్టమొదటి". గోళాల సంగీతం విద్యుత్ వాద్యాలకు ఒక మహిళ రాసిన మొట్టమొదటి రచన అని ఇంటర్నెట్‌లో చాలాచోట్ల ఉంది. కావచ్చు. కానీ మొట్టమొదటి అనాలంటే అంతకుముందు ఎవరూ రాయలేదని ఎవరో లెక్క తీసి ఉండాలి. బయర్ సంగతే యాభై ఏళ్లు ఎవరికీ పట్టనప్పుడు, ఇంకెన్ని పెట్టెలు తెరవకుండా ఉన్నాయో? "తొలి రచనల్లో ఒకటి" అని మార్చాను. కోరలు పీకినట్టుంది, అయినా అదే నిలబడుతుంది.

"మరుగున పడిన". ఇది ప్రవేశికలో నేనే చేర్చాను, ముద్దొచ్చి. మరుగున పడాలంటే ముందు వెలుగులో ఉండాలి. ఆమెను మరిచిపోయారనడం ఒక రకంగా ఆ కాలానికి మర్యాద చేయడమే. అందుకే విశేషణం పీకేసి, ఆ చోట జరిగింది జరిగినట్టు "తదనంతరం" విభాగంలో రాశాను: ఒక రచన అచ్చు, ఒక సూట్‌లో భాగాలు క్లారినెట్ వాద్యకారుడు రొసారియో మాజియో వాయించగా రికార్డు, అమెరికా పశ్చిమ తీరంలో స్వరకర్త జాన్ కేజ్ బృందం తాళవాద్య కచేరీలు, 1939 నాటి మూడు భాగాల తాళవాద్య రచన కేజ్‌కే అంకితం, చనిపోయాక చేతిరాత ప్రతులు లైబ్రరీకి, 1977లో ఎలక్ట్రిక్ వీజల్ బృందం గోళాల సంగీతాన్ని ఎల్పీ మీద నిజంగానే విద్యుత్ వాద్యాలతో వాయించడం, 1988లో శతజయంతి కచేరీలు, తర్వాత ఫ్రాగ్ పీక్ అనే ప్రచురణ సంస్థ కోసం సంగీతకారులు తలా ఒక రచన పంచుకుని చేతిరాతను శుభ్రమైన స్వరలిపిగా మార్చడం, 2008లో ఆస్ట్రేలియా ఆస్ట్రా గాయకబృందం వాళ్ల రెండు సీడీలు.

ఫ్రాగ్ పీక్ సంగతి చదివినప్పుడు నవ్వొచ్చింది. స్వచ్ఛందంగా, తలా ఒక పేజీ, ఒకరు రాసింది ఇంకొకరు సరిచూడటం. మనం చేసేదీ అదే కదా. వాళ్లు మాత్రం మూవ్‌మెంట్‌ను ఉద్యమం చేయలేదు.

జూలై 5, శనివారం

ఆడియో ముక్క పెడదామని, వికీ బొమ్మలూ ఆడియోలూ ఉండే కామన్స్ నియమాలు చదివాను. భారత చట్టంలో రచయిత చనిపోయాక అరవై ఏళ్లు, అంటే ఆమె బతికుండగా వెలువడిన రచనలు మన దగ్గర 2005 నుంచి అందరివీ. అమెరికా లెక్క వేరు. అచ్చు కాని రచనలకు మరణం తర్వాత డెబ్బై ఏళ్లు. కానీ అవే 1978–2002 మధ్య మొదటిసారి అచ్చయి ఉంటే 2047 చివరి దాకా హక్కులు ఉంటాయి. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోకపోతే స్వేచ్ఛగా ఉండేవి, ఎవరో ప్రేమతో అచ్చువేసినందుకు తాళం పడింది. ఏ రచన ఏ ఏడు అచ్చయిందో ఒక్కొక్కటీ తేల్చాలి. పైగా రికార్డింగుల మీద హక్కులు విడిగా ఉంటాయి. ఆడియో ఆలోచన మానేశాను.

జూలై 11, శుక్రవారం

రాత్రి ఒంటిగంటకు ప్రయోగశాల నుంచి అసలు పేజీలోకి మార్చాను. దిద్దుబాటు సారాంశం: "పూర్తిగా తిరగరాశాను. పాత పాఠ్యం యాంత్రిక అనువాదం, తప్పు నాదే." పన్నెండు ఎర్ర లింకులున్నాయి, అంటే ఇంకా ఎవరూ రాయని వ్యాసాలకు. ఉంచాను. రూత్ క్రాఫర్డ్‌ది ముందు మొదలుపెట్టాలి.

తర్వాత "జూలై 11" పేజీకి వెళ్లి జననాల్లో 1888 పక్కన ఒక వరస చేర్చాను. "యోహానా బయర్, స్వరకర్త" అని రాసి, అలవాటు కొద్దీ "హెన్రీ కోవెల్" అని టైపు చేయబోయాను. ‘హె’ దగ్గర ఆగి, చెరిపి, భద్రపరిచాను.

పొద్దున చిన్నమ్మకు లింకు పంపాను. మధ్యాహ్నం ఫోను చేసింది. అంతా చదివిందట. జమిడిక దగ్గర ‘చంకలో పెట్టుకుని’ అన్నది ఎందుకు లేదని అడిగింది. అది డైరీలో ఉంది, వ్యాసంలో అవసరం లేదన్నాను. "మరి ఆ వాద్యం బొమ్మ అన్న పెట్టు, చదివినోళ్లకు ఎట్ల తెలుస్తది?" జమిడిక వ్యాసం తెరిచి చూస్తే అందులో బొమ్మ లేదు. వచ్చే ఎల్లమ్మ పండుగకు అమ్మమ్మ ఊరికి కెమెరా తీసుకుపోవాలి.